సంసోను నేర్చిన మర్యాద

ఎవాంజెలిన్‌ను పూడ్చిపెట్టిన రోజు ఇంటినిండా జనం ఏడుస్తూంటే, పెరట్లో మునగచెట్టుకు కట్టేసిన సంసోను మాత్రం వచ్చిన వాళ్లందరినీ చూసి సంబరపడిపోయింది. అంతమంది మనుషులు ఒక్కసారిగా ఆ ఇంటికి రావడం అది పుట్టాక ఎన్నడూ చూడలేదు. ఇంకా ఏడాదైనా నిండని బాక్సరు జాతి కుక్క. ఎర్రమట్టి రంగు ఒళ్లు, నల్లటి పొట్టి మూతి, రొమ్ము మీద తెల్లటి మచ్చ. తాడు తెంపుకుని వరండాలోకి దూసుకొచ్చి, ప్రార్థన చేస్తున్న పాస్టరు గారి భుజాల మీద ముందుకాళ్లు వేసి మొహమంతా నాకబోయింది. ఆయన వెనక్కి తూలి గోడ పట్టుకున్నాడు. తెల్ల చొక్కా మీద రెండు మట్టి పాదాలు అచ్చుపడ్డాయి. ఎవాంజెలిన్ తండ్రి హెబ్రోను లేచి, మెడ బెల్టు పట్టుకుని కుక్కను పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. కూతురి పెట్టె పక్కన కూర్చున్న కరుణాకుమారికి ఆ రోజు జరిగిన వాటిల్లో సరిగ్గా గుర్తుండిపోయింది అదొక్కటే.

విడవలూరు సెంటరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన వాళ్ల ఇల్లు. ముందు గదిలో కరుణాకుమారి కుట్టుమిషను. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదే పోతాయి. హెబ్రోను రామతీర్థం ఒడ్డున పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఒక్కతే కూతురు ఎవాంజెలిన్. నెల్లూరులో నర్సు ఉద్యోగం, అక్కడే హాస్టల్లో ఉండి సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొచ్చేది. తోటి నర్సు ఉషారాణి వాళ్లింట్లో కుక్క ఈనితే, ఒక పిల్లను సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చేసింది. సంసోను అని పేరు పెట్టింది. "కుక్కకి బైబిలు పేరేందమ్మా?" అని పాస్టరు గారు చిన్నబుచ్చుకుంటే, "బలం ఉండాది గదా అయ్యగారూ, ఆ సంసోనుకి బలమిచ్చిన జుట్టే తక్కువ" అని నవ్వేసింది.

దాన్ని ముద్దుచేసి చెడగొట్టింది కూడా ఎవాంజెలినే. గేటు తీసుకుని లోపలికి వస్తూనే రొమ్ము మీద రెండు చేతులతో చరుచుకుని, "రారా సంసూ!" అనేది. పిల్ల గెంతుకుంటూ వచ్చి ఒళ్లోకి ఎగిరేది. అరచేయంత ఉన్నప్పుడు అది అందరికీ ముచ్చటగానే ఉండేది. నెలలు గడిచేకొద్దీ దాని కాళ్లు ముందు మోకాళ్లకు, తరువాత నడుముకు, చివరికి భుజాలకు అందాయి. చేతిని నోట్లో పెట్టుకుని ఉత్తుత్తిగా కొరికితే తను కిలకిలా నవ్వేది. చున్నీ కొస నోటికి అందించి ఇద్దరూ ఇల్లంతా లాక్కునేవాళ్లు.

"పెద్దదైతే దీన్ని ఎవురు మోస్తారే?" అని కరుణాకుమారి కేకలేసేది.

"నేను మోస్తాలేమా" అనేది ఎవాంజెలిన్.

సెలవుకు ఇంటికొచ్చిన ఎవాంజెలిన్, ఉషారాణి పెళ్లికని మనుబోలు వెళ్లి, స్కూటీ మీద తిరిగి వస్తూ హైవే మీద లారీ కింద పడింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ తరువాత ఇంట్లో మాటలు ఆగిపోయాయి. హెబ్రోను పొద్దున్నే ఒడ్డుకు పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. కరుణాకుమారి మిషను ముందు కూర్చునేది గానీ కాలు ఆడేది కాదు. ఇంట్లో అలికిడంటూ ఉంటే అది సంసోనుదే. చెప్పులు కొరికింది. దిండు చించి దూదంతా గదుల్లో పరిచింది. తోక ఊపితే స్టూలు మీది గ్లాసులు కింద పడేవి. బయటికి తీసుకుపోతే అది మనిషిని నడిపించేదే గానీ, మనిషి దాన్ని నడిపించడం లేదు. ఒకసారి మేకపిల్లను చూసి లాగితే కరుణాకుమారి రోడ్డు మీద బోర్లా పడి మోచేతులు గీరుకుపోయాయి. పరామర్శకు వచ్చిన వాళ్లు గేటు దగ్గరే ఆగి, "కుక్కని కట్టేసినారా?" అని అడిగి గానీ లోపలికి అడుగుపెట్టేవాళ్లు కాదు.

అన్నిటికన్నా ఆమెకు ఓర్చుకోలేనిది దాని సంతోషం. ఎవరొచ్చినా సంతోషం, ఎవరూ రాకపోయినా సంతోషం. సొంగ కారుస్తూ, ఒళ్లంతా వంకర్లు తిప్పుకుంటూ ఎదురొస్తుంటే, ఈ ఇంట్లో ఏం జరిగిందో దీనికెవరు చెప్పాలి అనుకునేది.

పక్కింటి ఏసుమణి కోడలు అబిగయీలు నిండు చూలాలు. జాకెట్టు వదులు చేయించుకోవడానికి ఒక మధ్యాహ్నం వచ్చింది. తలుపు సరిగా మూయలేదు. సంసోను ఒక్క గెంతులో ఆ పిల్ల భుజాల మీద ఉంది. అబిగయీలు కెవ్వున కేకేసి మిషను బల్ల మీదికి ఒరిగి, అక్కడి నుంచి నేలకు జారింది. ఆసుపత్రిలో చూసి తల్లికీ బిడ్డకీ ఏమీ కాలేదన్నారు. అయినా ఏసుమణి గేటు ముందు నిలబడి వీధంతా వినపడేట్టు అరిచింది.

"నీ బిడ్డ పోయిందని మేమంతా ఏడ్చినాం కరుణమ్మా. ఇప్పుడు నా ఇంటి బిడ్డ మీదికి ఎగదోలినావా ఈ దెయ్యాన్ని?"

కరుణాకుమారి కుక్కను లాక్కుపోయి మునగచెట్టుకు కట్టేసింది.

ఆ సాయంత్రం హెబ్రోను చేతులు కడుక్కుంటూ వీపు తిప్పే చెప్పాడు. "మాల్యాద్రితో మాట్లాడినా. రొయ్యల గుంటల కాడ కాపలాకి కుక్క కావాలంట. వచ్చి తోలుకుపోతానన్నాడు."

కరుణాకుమారికి ఆ గుంటలు తెలుసు. చుట్టూ ఉప్పునేల, నీడకు ఒక్క రేకుల షెడ్డు, గుంజకు ఇనుప గొలుసు. సంసోనుకు ముక్కు లోపలికి నొక్కేసినట్టు ఉంటుంది, కాస్త ఎండ తగిలితేనే నాలుక వేలాడేసి ఆయాసపడుతుంది.

"ఆ ఎండకి వాడు బతకడయ్యా."

"బతకాల్సినోళ్లే బతకలా" అన్నాడు హెబ్రోను.

ఆమె తువ్వాలు అందించింది. "ఒక్క నెల ఆగు. నేను జూస్తా. మాట వినకపోతే నువ్వన్నట్టే పంపిద్దాం."

మర్నాడు ఆటో మాట్లాడుకుని సంసోనును పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పేరు భానుప్రియ. ఎవాంజెలిన్ కన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. గదిలోకి అడుగుపెట్టగానే సంసోను ఆమె మీదికి ఎగిరింది. ఆమె అరవలేదు, తొయ్యలేదు. గిరుక్కున వీపు తిప్పి గోడవైపు చూస్తూ నిలబడింది. సంసోను రెండుసార్లు వీపు మీద గీరి, ఏమీ తోచక కిందికి దిగింది. దిగీ దిగగానే ఆమె ఇటు తిరిగి తల నిమిరింది.

"వీడు ఎగిరినప్పుడు మీరేం చేస్తారమ్మా?"

"తోసేస్తా మేడమ్. అరుస్తా. ఒక్కోసారి చీపురు గూడా తీస్తా."

"తోస్తే ఆడుకుంటున్నారని అనుకుంటాడు. అరిస్తే మీరు గూడా తనతోపాటు మొరుగుతున్నారని అనుకుంటాడు." డాక్టరమ్మ నవ్వింది. "బాక్సర్లకి మనుషులంటే ప్రాణం. మూడేళ్లొచ్చేదాకా ఇవే పిల్లచేష్టలు. కొట్టబాకండి. ఎగిరితే వీపు తిప్పేయండి. చూడొద్దు, మాట్లాడొద్దు, ముట్టుకోవద్దు. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే బిస్కెట్టు ముక్క పెట్టండి. కూర్చుంటే ఇంకొంచెం మెచ్చుకోండి. చెయ్యి కొరికితే ఆట ఆపేసి లేచిపోండి. కొరుక్కోవడానికి వాడిదంటూ ఒకటి ఇవ్వండి. పొద్దున ఎండెక్కక ముందే బాగా నడిపించండి. తాడు లాగితే మీరు నిలబడిపోండి, తాడు వదులైతేనే అడుగెయ్యండి. మొదట్లో ఇంకా ఎక్కువ చేస్తాడు. అప్పుడు మాత్రం మెత్తబడబాకండి."

కరుణాకుమారి తలూపింది.

"ముఖ్యంగా ఇంట్లో వాళ్లందరూ ఒకే మాట మీద ఉండాల. ఒకరు వద్దని, ఒకరు రమ్మంటే వాడికేం అర్థం కాదు. ఇంతకీ ఎవరమ్మా వీడికి ఇట్టా ఎగరడం నేర్పింది?"

"మా పాప."

"అయితే పాపకి గూడా గట్టిగా చెప్పండి."

"అట్నే మేడమ్" అంది కరుణాకుమారి.

ఆ మాట ఆటోలో ఇంటిదాకా ఆమెతోపాటు వచ్చింది.

పొద్దున్నే లేచి సరుగుడు తోపులో నడక మొదలుపెట్టింది. సంసోను లాగితే ఆగిపోయేది. తాడు వదులయ్యేదాకా చెట్లకేసి చూస్తూ నిలబడేది. మొదట్లో తోపు ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి ఎండ వచ్చేసేది. ఒడ్డు నుంచి లావుపాటి మోకు ముక్క ఒకటి తెప్పించి ముడులేసి ఇచ్చింది. అది దొరికాక సంసోను చెప్పుల జోలికి పోవడం తగ్గించింది. ఎవాంజెలిన్ ఇంట్లో వేసుకునే చెప్పులు మాత్రం ఆమె ముందే బీరువా మీదికి ఎక్కించేసింది. వాటిల్లో ఒకదాని మడమ అప్పటికే సగం లేదు.

అన్నిట్లోకీ కష్టం వీపు తిప్పడమే. చర్చి నుంచి వచ్చినా, కొట్టుకు పోయి వచ్చినా, సంసోను గేటు దగ్గర నిలువెల్లా ఊగిపోతూ ఎదురుచూసేది. ఆమె గోడవైపు తిరిగేది. అది వీపు మీదికి ఎక్కి గోళ్లతో గీరేది, మూలిగేది, చుట్టూ తిరిగొచ్చి మొహంలోకి చూడబోయేది. ఆమె మళ్లీ అటు తిరిగేది. డాక్టరమ్మ చెప్పినట్టే మొదటి వారం ఇంకా ఎక్కువైంది. జాకెట్టు వీపున చిరిగింది. గోడకేసి మొహం పెట్టి నిలబడ్డప్పుడు ఆమెకు కన్నీళ్లు వచ్చేవి. అక్కడైతే ఎవరూ చూడరు. ఇది వెతుక్కుంటున్నది నన్ను కాదు, గేటు తీసి రొమ్ము చరుచుకునే మనిషిని అని ఒకరోజు తట్టింది. అది తట్టాక ఇటు తిరిగి దాన్ని కావలించుకోకుండా ఉండడానికి గోడకున్న మేకును పట్టుకుంది.

వారాలు గడిచాయి. పొద్దుటి పూట సంసోను బుద్ధిగా కూర్చునేది. ముక్క కోసం ఆమె చేతికేసి చూస్తూ, తోకతో నేల ఊడుస్తూ ఆగేది. సాయంత్రమయ్యేసరికి మళ్లీ మొదటికొచ్చేది. ఎందుకో ఆమెకు అంతుబట్టలేదు.

ఒకరోజు కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్లి, మనిషి ఇంట్లో లేకపోతే త్వరగా తిరిగొచ్చింది. హెబ్రోను మోటారు సైకిలు గేటు పక్కనే ఉంది. పెరట్లో నుంచి చప్పుడు వినపడింది. రొమ్ము మీద చేతులతో చరిచిన చప్పుడు. ఆ వెంటనే, "రారా సంసూ!"

అదే రాగం. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

గోడ పక్క నుంచి చూసింది. డీజిలు మరకల చొక్కాతో హెబ్రోను నిలబడి ఉన్నాడు. సంసోను ముందుకాళ్లు రెండూ అతని భుజాల మీద ఉన్నాయి. అతను రెండు చేతులూ దాని చుట్టూ వేసి, మెడలో మొహం దాచుకుని ఉన్నాడు. వీపు కదిలిపోతోంది. ఎప్పుడూ నిమిషం నిలవని ఆ కుక్క కూడా కదలకుండా అతన్ని మోస్తున్నట్టే నిలబడింది.

ఆమెకు ముందు వచ్చింది కోపం.

"నువ్వే ఇట్టా చేస్తే వాడికెట్టా తెలస్తది? నేను పొద్దంతా గోడలకి మొహం పెట్టుకుని చస్తన్నా గదయ్యా!"

హెబ్రోను ఉలిక్కిపడి కుక్కను వదిలేశాడు. చేత్తో మొహం తుడుచుకుంటే బుగ్గ మీద నల్లగా మడ్డి అంటుకుంది.

"పాప నేర్పింది ఇదొక్కటే మిగిలింది కరుణా" అన్నాడు. "దాన్ని గూడా తీసేస్తావా?"

ఆమె పోయి తొట్టి గట్టు మీద కూర్చుంది. కొంతసేపటికి అతనూ వచ్చి పక్కన కూర్చున్నాడు. కూతురు పోయాక వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

"మరి మాల్యాద్రికి ఎందుకు ఇస్తానన్నావు?"

"వాడు ఎగిరినప్పుడల్లా పాప గేటు తీసుకోని వచ్చినట్టే ఉంటది. చూళ్లేను. చూడకుండా గూడా ఉండలేకపోతన్నా. ఏం చెయ్యాలో తెలవక అన్నా."

సంసోను మోకు ముక్క తెచ్చి వాళ్ల కాళ్ల దగ్గర పడేసి, ఎవరు లాగుతారా అని ఇద్దరి మొహాలూ చూసింది.

"రేపు ఇంకెవురినో పడేస్తాడు. అబిగయీలుకి దేవుడు అడ్డమొచ్చినాడు. ఇంకోసారి రాకపోతే?" అంది కరుణాకుమారి. "అప్పుడు నిజంగానే పంపేయాల. నాకు మాత్రం ఇష్టమా? ఆలోచించు. పాప నేర్పింది ఉండాలా, పాప తెచ్చినోడు ఉండాలా?"

మర్నాడు సాయంత్రం హెబ్రోను గేటు తీయగానే సంసోను పరిగెత్తుకుంటూ పోయి ఎగిరింది. కరుణాకుమారి మిషను దగ్గర నుంచి కిటికీలో చూస్తూనే ఉంది. హెబ్రోను మెల్లగా వీపు తిప్పి, గేటు స్తంభానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. కుక్క మొరిగింది, గీరింది, మూలిగింది. అతను తిరగలేదు. చాలాసేపటికి అది దిగింది. అప్పుడతను వంగి దాని తల నిమిరాడు. ఆ పూట ఇద్దరికీ అన్నం లోపలికి పోలేదు.

దాని తరువాత సంసోను త్వరగానే నేర్చుకుంది. వానలు మొదలయ్యే నాటికి ఎవరొచ్చినా ఎదురుపోయి కూర్చునేది. ఒళ్లు మాత్రం ఆగలేక అటూ ఇటూ ఊగేది, పిరుదులు నేల మీద నిలిచేవి కావు, అయినా లేచేది కాదు. అబిగయీలు కాన్పయి పుట్టింటి నుంచి వచ్చాక, ఏసుమణే మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. సంసోను కూర్చుని గాలి వాసన చూసి, పక్కకు పోయి పడుకుంది. "ఎంత మర్యాద నేర్పినావు కరుణమ్మా! మనుషులకి గూడా లేదు" అని ఏసుమణి మెచ్చుకుంది. పాత మాటలు పట్టించుకోవద్దని కూడా అంది. కరుణాకుమారి నవ్వి టీ ఇచ్చింది. వాళ్లు పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించి, అక్కరలేకపోయినా మిషను తొక్కింది.

క్రిస్మసుకు ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం గేటు ముందు ఉషారాణి నిలబడింది. మెడలో పసుపుతాడు ఉంది. పెళ్లయిన మర్నాడే చావింటికి పోకూడదని అప్పుడు పెద్దవాళ్లు ఆపేశారు. తరువాతైనా రాలేదు, ఫోను కూడా చేయలేదు. ఆ సంగతి కరుణాకుమారి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఉషారాణి కుక్కను చూసింది. రెండు చేతులతో రొమ్ము చరుచుకుని, "రారా సంసూ!" అంది.

సంసోను గబగబా వచ్చింది. ఆమె ముందు కూర్చుంది. చెవులు వెనక్కి పెట్టి, ముందుకాళ్లు ఒకసారి నేల మీద నుంచి కాస్త లేపి, మళ్లీ ఆనించి, కరుణాకుమారి వైపు తిరిగి చూసింది.

"నన్ను మర్చిపోయినాడా ఆంటీ?"

"మర్చిపోలేదమ్మా" అంది కరుణాకుమారి. "మేమే మాన్పించినాం."

ఉషారాణి గేటు పట్టుకుని అక్కడే ఏడ్చేసింది. కరుణాకుమారి ఆ పిల్లను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. హెబ్రోను మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో ఆంటీ. మొహం చెల్లలా. ఆ రోజు ఉండిపొమ్మని చెప్పినా. బతిమలాడినా. పొద్దున్నే పోదువులేవే అంటే వినలా." ఉషారాణి నేల మీద పడుకున్న సంసోనును చూసి తల దించుకుంది. "వాడు గేటు కాడ చూస్తా ఉంటాడే, నేను పోకపోతే అన్నం ముట్టడు అని బయల్దేరింది. ఈ మాట మీకు చెప్పలేకే ఇన్నాళ్లు రాలేకపోయినా."

తన పేరు రాలేదు గనక సంసోను తలెత్తలేదు. బయట చేపల బండి హారను కొట్టుకుంటూ పోయింది. హెబ్రోను ద్వారం దగ్గర నుంచి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

కరుణాకుమారికి ఆ సాయంత్రం గుర్తుకొచ్చింది. ఎంత పిలిచినా సంసోను గేటు వదిలి రాలేదు. చీకటి పడ్డా రాలేదు. మొండి వెధవ అని తిట్టి తలుపేసుకుంది. ఆ తరువాతే ఫోను వచ్చింది.

ఆమె వంగి కుక్క వీపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా, ఊపిరికి లేచి పడుతోంది. దీని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఈ పిల్ల మీద తెచ్చుకుందామని చూసింది. ఇన్నాళ్లుగా ఉన్న ఆ కాస్తా ఎటు పోయిందో పోయింది.

"నువ్వు చెప్పడమే మంచిదైంది" అంది. "మా పాప ఎప్పుడూ అంతే. ఎవురో ఒకరు చూస్తంటారని ఉరుక్కుంటా వస్తది. భోంచేసినావా అమ్మా?"

"లేదాంటీ."

చేపల పులుసు వేడిచేసి పెట్టింది. తింటూ ఉషారాణి హాస్టల్లో ఎవాంజెలిన్ చేసిన అల్లరి చెప్పింది. వార్డులో ముసలివాళ్లకు పాటలు పాడేదట. జీతం రోజున అందరికీ మైసూరుపాకు తెచ్చేదట. కరుణాకుమారి ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని అడిగింది.

పొద్దువాలాక ఆ పిల్లను బస్సెక్కించి వచ్చింది. హెబ్రోను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సంసోను తల అతని ఒళ్లో ఉంది. దాని ముందుకాలు చేతిలోకి తీసుకుని, వేళ్ల సందున గుచ్చుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటీ నెమ్మదిగా తీస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నం పెట్టినావా వీడికి?" అన్నాడు తలెత్తకుండా.

"పెట్టలా. నువ్వు గూడా తినలా."

ఆమె లోపలికి పోయి ఇద్దరికీ కలిపి తెచ్చింది.